పోపుల పెట్టె – ఔషధాల సీసా

"శొంఠి లేని కషాయం లేదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. తెలుగింటి పొయ్యి పక్కన ఉండే పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, పసుపు, ఇంగువ ఒకదాని పక్కన ఒకటి కొలువు తీరి ఉంటాయి. జలుబు చేస్తే మిరియాల చారు, దెబ్బ తగిలితే పసుపు పట్టు, కడుపు ఉబ్బరిస్తే వాము, పంటి పోటుకు లవంగం, బాలింతకు శొంఠిపొడి – ఇవన్నీ తరతరాలుగా మన ఇళ్లలో సాగుతున్న చికిత్సలు. వంటిల్లే తొలి వైద్యశాల అన్న మాటను ముప్పై ఏళ్ల వైద్యవృత్తిలో ఎన్నో సభలలో చెప్పాను. ఆ మాటను ఈనాడు ఉపసంహరించుకోవడం లేదు. కాని దానికి ఒక హద్దు గీయవలసిన అవసరం ఏర్పడినది. అందుకు కారణమైన సంఘటనను మొదట మనవి చేస్తాను.

రెండేళ్ల క్రితం ఒక ఇల్లాలు నా వద్దకు చికిత్సకై వచ్చింది. వయస్సు యాభైకి లోపే. రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి ఉన్నాయి. ఉదయం లేచిన తరువాత గంటన్నర వరకు పిడికిలి బిగుసుకోదు. కుడిచేతి రెండు వేళ్లు అప్పటికే పక్కకు ఒరిగిపోయాయి. ఆమెది రుమటాయిడ్ కీళ్లవాతమని నిపుణుడైన వైద్యుడు ఏడాదిన్నర ముందే నిర్ణయించి, వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రలు వ్రాసి ఇచ్చాడు. ఎనిమిది నెలలుగా ఆమె వాటిని మానివేసి, పసుపు సారం, మిరియాల సారం కలిపిన గొట్టాలను వాడుతున్నది.

"ఆ మాత్రలు ఎందుకు ఆపావమ్మా?" అని అడిగాను.

"మీరే చెప్పారు కదండీ! పసుపు ఉన్న ఇంట్లో వాపు మందులకు పనేమిటని ఆ రోజు గుడి మండపంలో అన్నారు. పసుపే కదా, మన వంటింటిదే కదా, హాని ఏముంటుందిలే అనుకున్నాను" అని తలవంచుకున్నది.

నేను ఆ మాట అన్నది నిజమే. ఆ మాటకు సభలో చప్పట్లు కూడా మోగాయి. ఆమెను ఆ రోజే తిరిగి ఆ నిపుణుని వద్దకు పంపాను. మందులు మళ్లీ మొదలైన తరువాత వాపు అదుపులోకి వచ్చింది. ఒరిగిపోయిన వేళ్లు మాత్రం ఒరిగే ఉన్నాయి. ఆ వ్యాధిలో కీలు లోపల ఒకసారి ఎముక కొరుకుడు పడితే అది తిరిగి పూడదు. ఆ రెండు వేళ్లలో నా వాక్చాతుర్యానికి కూడా భాగమున్నదని నేను భావిస్తున్నాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

శోథ అంటే ఏమిటి?

ఎరుపు, వేడి, వాపు, నొప్పి – ఈ నాలుగూ ఒకచోట చేరితే దానిని మనం శోథ అంటున్నాము. నిజానికి శోథ రోగం కాదు. శరీరం తనను తాను కాపాడుకోవడానికి చేసే యుద్ధం. ముల్లు గుచ్చుకున్నచోట రక్తనాళాలు వ్యాకోచించి, తెల్లకణాలు అక్కడికి చేరి, సూక్ష్మజీవులను చంపి, చెడిన కణజాలాన్ని తొలగిస్తాయి. పని ముగియగానే యుద్ధం ఆగిపోవాలి. అది ఆగక సంవత్సరాల తరబడి రగులుతూ ఉంటే కీళ్లు, రక్తనాళాలు, ప్రేగులు దెబ్బతింటాయి.

ఈ యుద్ధానికి శరీరం కొన్ని రసాయన సందేశాలను వాడుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లు అటువంటివే. ఆస్పిరిన్ వాటి ఉత్పత్తిని అడ్డుకోవడం ద్వారానే నొప్పిని తగ్గిస్తున్నదని ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ 1971లో నిరూపించి, 1982లో నోబెల్ బహుమతి పొందాడు. కాని ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు లోపలి పొరను కూడా కాపాడుతున్నాయి. అందువల్లనే నొప్పి మాత్రలను దీర్ఘకాలం వాడేవారికి కడుపులో పుండ్లు పడడం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతున్నది. అటువంటివారు మాత్రల బెడద లేని మార్గాన్ని వెదకడంలో తప్పు లేదు. పోపుల పెట్టె వైపు చూడడంలో అంతకంటే తప్పు లేదు. చూసిన తరువాత ఎంత ఆశించాలన్నదే ప్రశ్న.

దినుసులలో దాగిన గుణాలు

పసుపుకు రంగు నిచ్చేది కర్కుమిన్. దీనిని 1815లోనే ఐరోపాలో వేరు చేశారు. దాని రసాయన నిర్మాణం 1910లో తేలినది. శోథను రగిల్చే జన్యువులను మేల్కొలిపే ఎన్.ఎఫ్. కప్పా బి అనే కణాంతర పదార్థాన్ని కర్కుమిన్ అణచుతుందని ప్రయోగశాలలలో గమనించారు.

అల్లంలో ఘాటు జింజెరాల్ వల్ల వస్తున్నది. అల్లాన్ని ఎండబెట్టి శొంఠి చేసినప్పుడు జింజెరాల్ నుండి నీటి అంశం తొలగి షోగాల్ అనే మరింత ఘాటైన పదార్థం ఏర్పడుతుంది. ఈ రెండూ ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని కొంతమేరకు తగ్గిస్తాయని ప్రయోగాలు చెబుతున్నాయి. పచ్చి అల్లాన్ని ఆర్ద్రకమనీ, ఎండినదాన్ని శుంఠి అనీ వేర్వేరు పేర్లతో పిలిచి, వేర్వేరు గుణాలను చెప్పిన మన ప్రాచీనుల సూక్ష్మదృష్టి ఇక్కడ గమనార్హం.

లవంగంలోని యూజినాల్ నేటికీ దంతవైద్యుల చేతిలో నొప్పిని తగ్గించే ద్రవ్యంగా ఉపయోగపడుతున్నది. వెల్లుల్లి రెబ్బను దంచినప్పుడు మాత్రమే అల్లిసిన్ పుడుతుంది. దంచిన వెంటనే సలసల కాగే నూనెలో వేస్తే దానిని పుట్టించే ఎంజైమ్ నశించిపోతుంది. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల చివరలనున్న వేడిని గుర్తించే ద్వారాన్ని తట్టి లేపుతుంది. ఆ ద్వారాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. నాలుక మీద మంట పుట్టించే ఆ పదార్థమే తగిన పాళ్లలో లేపనంగా చర్మంపై పదే పదే రాసినప్పుడు నరాల చివరలను మొద్దుబార్చి నొప్పిని తగ్గిస్తుంది. ఒకే ద్రవ్యం – ఎంత, ఎక్కడ, ఎట్లా అన్నదాన్ని బట్టి రెండు విధాల పనిచేస్తున్నది. ఈ వ్యాసంలోని సారాంశమంతా ఈ ఒక్క ఉదాహరణలోనే ఉన్నది.

చరకుడు వీటిని ఏ వరుసలో కూర్చోబెట్టాడు?

ఆయుర్వేదాభిమానులు చాలామంది గమనించని విషయాన్ని ఇక్కడ ప్రస్తావిస్తాను. చరక సంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో ఔషధ ద్రవ్యాలను, అవి చేసే పనిని బట్టి, పదేసి చొప్పున ఏబది వర్గాలుగా విభజించారు. వాటిలో శోథహర వర్గమని ఒకటి ఉన్నది. అందులో పసుపు లేదు, అల్లం లేదు, మిరియం లేదు. మారేడు, గుమ్ముడు, నేలవాకుడు, పల్లేరు మొదలైన దశమూలాలు మాత్రమే ఉన్నాయి.

మరి పోపుల పెట్టెలోని దినుసులు ఎక్కడ ఉన్నాయి? అల్లం, మిరియాలు, ఇంగువ, పిప్పళ్లు దీపనీయ వర్గంలో ఉన్నాయి. అంటే జఠరాగ్నిని ప్రజ్వలింపజేసేవి. పసుపు కుష్ఠఘ్న వర్గంలో, అంటే చర్మవ్యాధులను పోగొట్టేవాటిలో ఉన్నది. విషఘ్న, లేఖనీయ వర్గాలలోనూ ఉన్నది. చరకుని దృష్టిలో మన వంట దినుసుల ప్రథమ కర్తవ్యం తిన్న అన్నాన్ని చక్కగా పచనం చేయించడం. అన్నం పచనం కాక ఆమం పేరుకుంటే వ్యాధులు పుడతాయని ఆయుర్వేద సిద్ధాంతం. అందువల్ల రోజూ మితంగా దినుసులు తినేవాడికి వాపు జబ్బులు కొంత దూరంగా ఉండవచ్చునన్న ఆశ శాస్త్రసమ్మతమే. కాని అది ముందుజాగ్రత్త మాత్రమే. ముదిరిన వ్యాధికి చిటికెడు పసుపు చికిత్స అని చరకుడు చెప్పలేదు. తరువాతి కాలపు వైద్యులు ఆమవాతానికి శొంఠిని వాడిన మాట వాస్తవమే. అయితే రోగిని పరీక్షించి, ఇతర ద్రవ్యాలతో కలిపి, పథ్యం విధించి వాడారు.

అంతేకాదు. అదే సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో మూడు ద్రవ్యాలను అతిగా సేవించవద్దని హెచ్చరించారు. అవి క్షారం, లవణం, పిప్పలి. పిప్పలి మిరియానికి దగ్గరి బంధువు, పరమౌషధం, రసాయనం. అటువంటిదాన్ని కూడా మితిమీరి, దీర్ఘకాలం వాడితే దోషాలు ప్రకోపిస్తాయని ఆ గ్రంథం చెబుతున్నది. సహజమైనది గనుక హాని లేదన్న వాదం మన శాస్త్రంలో లేదు. ఈ వాదం సీసాలమ్మేవారి నుండి వచ్చినది.

కొంచెం లెక్క వేద్దాం

పసుపు పొడిలో కర్కుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు ఉంటుంది. రకాన్ని బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. ఒక చెంచా పసుపు బరువు మూడు గ్రాములనుకుందాం. అందులో కర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. నలుగురున్న ఇంట్లో రోజు మొత్తానికి ఒక చెంచా పసుపు ఖర్చయితే తలకు 22 మిల్లీగ్రాములు వస్తుంది.

ఇప్పుడు పరీక్షల వైపు చూద్దాం. 2014లో థాయిలాండులో మోకాళ్ల అరుగుదలతో బాధపడుతున్న 367 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారాన్ని, మరొక జట్టుకు 1200 మిల్లీగ్రాముల ఇబుప్రొఫెన్‌ను నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి తగ్గడంలో రెండూ సుమారు సమానంగా ఉన్నాయి. కడుపులో బాధ పసుపు జట్టులో తక్కువ. ఇది సంతోషించదగిన ఫలితమే. కాని అక్కడ ఇచ్చినది పొడి కాదు, సారం. ఒక గ్రాము కర్కుమిన్‌ను మన పసుపు పొడి నుండే పొందాలంటే రోజుకు పదకొండు చెంచాలు తినాలి. అది ఏ కూరలోనూ సాధ్యం కాదు. పైగా ఆ పరీక్ష మోకాళ్ల అరుగుదలకు సంబంధించినది. నా వద్దకు వచ్చిన ఇల్లాలికున్న కీళ్లవాతానికి కాదు. పేర్లు దగ్గరగా ఉన్నా ఆ రెండు వ్యాధులూ వేర్వేరు.

మరొక పక్షాన్ని కూడా వినాలి. 2017లో అమెరికాలోని రసాయన శాస్త్రజ్ఞులు కొందరు కర్కుమిన్‌పై వెలువడిన సాహిత్యమంతటినీ సమీక్షించారు. రోగులపై 120కి పైగా పరీక్షలు జరిగినా, ఉత్తుత్తి మందుతో పోల్చి, ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలియకుండా జరిపినవాటిలో నిస్సంశయంగా విజయం సాధించినది ఒక్కటీ లేదని వారు తేల్చారు. కర్కుమిన్ పరీక్షనాళికలో కనబడిన ప్రతి మాంసకృత్తికీ అతుక్కుని, ఏ వ్యాధికైనా పనిచేస్తున్నట్లు భ్రమ కల్పించగలదని కూడా వారు హెచ్చరించారు. ఈ రంగంలో వెలువడిన పరిశోధన పత్రాలలో పలు పత్రాలు తరువాత ఉపసంహరింపబడిన మాట కూడా దాచవలసినది కాదు.

మిరియం – రెండు వైపులా పదునున్న కత్తి

కర్కుమిన్‌కు మరొక లోపమున్నది. అది నీటిలో కరగదు. ప్రేగుల నుండి రక్తంలోకి చేరేది అత్యల్పం. చేరినదాన్ని కూడా కాలేయం వెంటనే మార్చి బయటకు పంపివేస్తుంది. 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులైన కొద్దిమందికి రెండు గ్రాముల కర్కుమిన్‌తోపాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థాన్ని ఇచ్చారు. రక్తంలో కర్కుమిన్ లభ్యత ఇరవై రెట్లు పెరిగినది. ఇరవై మిల్లీగ్రాముల పైపరిన్ అంటే ఏడెనిమిది మిరియపు గింజలలో ఉండే పరిమాణం. మన మిరియాల చారులో పసుపు, మిరియాలు, నూనె పోపు కలిసే ఉంటాయి. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణాన్ని అనేక యోగాలలో చేర్చిన ఆయుర్వేదాచార్యులకు ఈ మర్మం అనుభవం వల్ల తెలిసి ఉంటుందని భావించడానికి ఆస్కారమున్నది.

అయితే పైపరిన్ ఈ మేలు ఎట్లా చేస్తున్నది? కాలేయంలోనూ ప్రేగులలోనూ పరాయి పదార్థాలను విరిచి బయటకు పంపే ఎంజైములను అడ్డుకోవడం ద్వారా. ఆ ఎంజైములు కర్కుమిన్ ఒక్కదానికోసమే లేవు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ వంటి మందుల పరిమాణం కూడా పైపరిన్ వల్ల రక్తంలో పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. చారులోని మిరియం ఒక పూట వచ్చి పోతుంది. సీసాలోని పైపరిన్ ప్రతిరోజూ, కొలిచినట్లుగా, నెలల తరబడి లోపలికి పోతుంది. ద్వారపాలకుని నిద్రపుచ్చినప్పుడు మనకు కావలసిన అతిథి ఒక్కడే లోనికి వస్తాడన్న భరోసా లేదు.

సీసా చెప్పని సంగతులు

2018 చివర నుండి 2019 వరకు ఇటలీలో పసుపు సారపు గొట్టాలు వాడినవారిలో కాలేయశోథ కేసులు వరుసగా బయటపడ్డాయి. ఆ దేశ ఆరోగ్యశాఖ 2019లో, కాలేయ, పిత్తాశయ వ్యాధులున్నవారు వీటిని వాడరాదని సీసాలపై హెచ్చరిక ముద్రించాలని ఆదేశించినది. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ వ్యాధులను పరిశీలించే వైద్యుల బృందం 2022లో పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను ప్రకటించినది. వారిలో అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. ఏడుగురిలో ఒకే విధమైన జన్యులక్షణం కనిపించినది. అంటే కొందరి శరీరతత్త్వం ఈ సారాన్ని భరించలేదు. పురుషుని ప్రకృతిని పరీక్షించకుండా ఔషధమివ్వరాదని ఆయుర్వేదం చెప్పినది ఇందుకే కదా!

పసుపు తినే కోట్లాది మందిలో ఈ సంఖ్య స్వల్పమేనని కొందరు అంటారు. నిజమే. కాని ఈ పదిమందీ కూర తిని జబ్బు పడలేదు. కూరలోని పసుపు, గొట్టంలోని పసుపు సారం పేరులో మాత్రమే ఒకటి. శోథను అణచాలని తీసుకున్న ద్రవ్యమే కాలేయంలో శోథ పుట్టించడం కంటే వైపరీత్యం ఏముంటుంది?

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మన సామెత. ఒకనాడు మనకున్న జబ్బు అది. మనదైనదాన్ని చులకన చేశాము. ఈనాటి జబ్బు దానికి తలక్రిందులు. పెరటి చెట్టే సీసాలోకి ఎక్కి, పై అట్టమీద శాస్త్రీయమన్న ముద్ర వేసుకుని, నూరు రెట్ల ధరతో మన ఇంటికే తిరిగి వస్తున్నది; మనం ప్రశ్నించకుండా మ్రింగుతున్నాము.

గెలిపించినది నినాదం కాదు

1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలను మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై పేటెంటు లభించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని సవాలు చేసినది. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలను సమర్పించినది. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆనాడు మనమందరం గర్వించాము. కాని మనలను గెలిపించినది పసుపు మాదేనన్న నినాదం కాదు, వ్రాతపూర్వకమైన సాక్ష్యం. పరాయివాడి దావాకు సాక్ష్యమడిగిన మనం, పసుపు సర్వరోగ నివారిణి అన్న మన దావాకు మాత్రం సాక్ష్యమడగకపోవడం న్యాయమా?

గర్వించవలసిన చోట మరొక కర్తవ్యం కూడా ఉన్నది. పసుపుకు మెరుగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగును కలిపే దుర్మార్గం మన ఉపఖండంలో ఉన్నది. బంగ్లాదేశులో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి ఈ కల్తీ పసుపే ముఖ్యకారణమని 2019లో పరిశోధకులు నిర్ధారించారు. ఆ ప్రభుత్వం దాడులు జరిపి, ప్రచారం చేసి, రెండేళ్లలో బజారు నుండి ఆ కల్తీని దాదాపు తుడిచిపెట్టినది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. నిజామాబాదు, దుగ్గిరాల వంటి పసుపు క్షేత్రాలున్న మనకు, 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన ఈ కాలంలో, పంట ధర ఎంత ముఖ్యమో పొడి శుద్ధి కూడా అంత ముఖ్యం కావాలి.

ఇంతకూ ఏమి చేయాలి?

పాఠకులు ఈ వ్యాసం చదివి పోపుల పెట్టెను అటక ఎక్కించవద్దని మనవి. నా అభిప్రాయాన్ని ఆచరణకు వీలుగా ఇట్లా చెబుతాను.

దినుసులను ఆహారంగా నిత్యం వాడండి. పసుపును నూనెలోనో నేతిలోనో వేగనిచ్చి, మిరియంతో జత చేయండి. రాత్రి పసుపు పాలు త్రాగేవారు మీగడ తీయకుండా, చిటికెడు మిరియాల పొడి వేసుకోవచ్చు. వెల్లుల్లిని దంచి పది నిమిషాలు ఆగి పొయ్యిమీద వేయండి. భోజనంలో మొదటి ముద్ద శొంఠిపొడితో, నేతితో తినే మన ఆచారం ఆకలి మందగించినవారికి ఎంతో మేలు. వీలైనంతవరకు పసుపు కొమ్ములు కొని, ఎండబెట్టి, మర పట్టించుకోండి. మరీ మెరిసే కొమ్ములను, మరీ కాంతిగల పొడిని చూసి మురిసిపోవద్దు.

సారాన్ని ఔషధంగా భావించండి. గొట్టంలోకి ఎక్కిన క్షణం నుండి అది వంట దినుసు కాదు. ఔషధానికి వర్తించే ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు, దేనితో కలిపి? ఈ నాలుగింటికీ సమాధానం చెప్పగల వైద్యుడు లేకుండా దానిని ముట్టవద్దు. పచ్చకామెర్లు వచ్చినవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, గర్భిణులు, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందులు, మూర్ఛ మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు మరింత జాగ్రత్త వహించాలి. వాడుతున్నవారికి అన్నం సహించకపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడడం జరిగితే వెంటనే మానివేసి ఆసుపత్రికి వెళ్లాలి. లవంగనూనెను పిల్లలకు త్రాగించవద్దు. బజారులో దాల్చినచెక్క పేరుతో దొరికే దళసరి కాసియా బెరడులో కౌమరిన్ అనే పదార్థముంటుంది. అది మోతాదు మించితే కాలేయానికి చేటు. కనుక చక్కెరవ్యాధి తగ్గుతుందని దానిని చెంచాల కొద్దీ తినవద్దు.

వ్యాధి లక్షణాలను దినుసులతో కప్పిపుచ్చవద్దు. ఆరు వారాలకు మించి కీళ్ల వాపు, ఉదయం పూట గంటకు పైగా బిగుసుకుపోవడం, జ్వరంతో కూడిన కీళ్లనొప్పి, అకారణంగా బరువు తగ్గడం – ఇవి వంటింట్లో తేలే సమస్యలు కావు. రక్తపరీక్ష చేయించుకోండి. నిపుణుడు ఇచ్చిన మందును ఆయనకు చెప్పకుండా మానవద్దు. మీరు వాడుతున్న చూర్ణం, లేహ్యం, గొట్టం ఏదైనా ఆయనకు చూపించండి. అట్లా చూపించినప్పుడు రోగిని కసురుకోకుండా వినవలసిన బాధ్యత అల్లోపతి వైద్యులకూ ఉన్నది. వారు కసురుకుంటారన్న భయంతోనే చాలామంది దాస్తున్నారు.

చివరిగా నావంటి వైద్యులకు, ఉపన్యాసకులకు, పత్రికలలో వ్రాసేవారికి ఒక విన్నపం. వేదికపై ఒక వాక్యం అనడం సులభం. దానికి చప్పట్లు కూడా దొరుకుతాయి. కాని ఆ వాక్యాన్ని మందుగా మ్రింగేవారు సభలో ఏ మూలనో కూర్చుని ఉంటారు. పసుపు గొప్పదని చెప్పేటప్పుడు, అది ఏ జబ్బుకు చాలదో కూడా ఆ ఊపిరిలోనే చెప్పాలి. మొదటి సగం మాత్రమే చెబితే అది వైద్యం కాదు, వ్యాపారం.

ఆ ఇల్లాలు ఇప్పటికీ మూడు నెలలకొకసారి వస్తుంటుంది. నిపుణుడు వ్రాసిన మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నది, రక్తపరీక్షలు చేయించుకుంటున్నది. క్రిందటిసారి వచ్చినప్పుడు, "పసుపు పూర్తిగా మానమంటారా, వైద్యులుగారూ?" అని అడిగింది. "మానవద్దు తల్లీ! కూరలో వేసుకో, చారులో వేసుకో, గడపకు రాసుకో. మందు మాత్రం మానవద్దు" అన్నాను. గుడి మండపంలో ఆనాడే ఈ మాట అని ఉండవలసినది.